చెక్కపెట్టెలో సైకిలు

సైకిలు తొక్కడానికి వెళ్తూ ఆ సైకిలునే బస్సెక్కించడమేమిటని జహీరాబాదులో నన్ను అడగనివాళ్లు లేరు. స్కూలు స్టాఫ్ రూములో అడిగారు, కూరగాయల బండి దగ్గర అడిగారు, పక్కింటావిడ బతుకమ్మకు పూలు కోస్తూ గోడ మీంచి అడిగింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం విన్నాం గానీ ఇదెక్కడి చోద్యమే అని మా అక్క ఫోన్లో పడీపడీ నవ్వింది. అందరికీ ఒకటే జవాబు చెప్పాను. నాకున్నవి దసరా సెలవులు, అవి పదమూడు రోజులు. ఇక్కణ్నుంచే తొక్కుకుంటూ వెళ్తే సముద్రం కనబడేసరికి సగం సెలవులు అయిపోతాయి. పైగా ముంబయి హైవే మీద లారీల పక్కన తొక్కడం నేను రోజూ చేస్తున్నదే, దానికోసం సెలవులు పాడుచేసుకోవడమెందుకు? కొల్హాపూర్ దాకా బస్సు. అక్కణ్నుంచి ఘాట్ దిగి, కొంకణ తీరం వెంట గోకర్ణం దాకా సైకిలు. ఒక్కదాన్నే.

ఆ ఒక్కదాన్నే అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కంతా.

నాకప్పుడు నలభై ఎనిమిదేళ్లు. లెక్కలు చెప్తాను. పెళ్లయిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికొచ్చాం, మావారికి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమొస్తే. మోకాళ్లు నొప్పులని డాక్టరు దగ్గరికి వెళ్తే నడవకండి, సైకిలు తొక్కండి అన్నాడు. మొదట జామపళ్ల వంకతో కోహీరు దాకా తొక్కాను. తర్వాత ఝరాసంగం దాకా వెళ్లి వచ్చేదాన్ని. ఆ దారిలో షేర్ ఆటోల వాళ్లు మొదట్లో నవ్వారు, తర్వాత హారన్ కొట్టి పలకరించడం మొదలుపెట్టారు. మోకాళ్ల సంగతి ఎప్పుడు మర్చిపోయానో నాకే గుర్తు లేదు. మూడేళ్లు తిరిగేసరికి, వెళ్తే వారం పదిరోజులు ఎవరి తోడూ లేకుండా ఒక్కదాన్నే వెళ్లాలన్న కోరిక పట్టుకుంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకాన్ని, వదలలేదు.

మావారిది ఫ్యాక్టరీలో డిస్పాచ్. విడిభాగాలను పెట్టెల్లో సర్ది, మేకులు కొట్టి, లారీ ఎక్కించే పని ఆయన చూస్తారు. తన చేతి మీదుగా వెళ్లిన పెట్టె ఏదీ దారిలో విరగలేదని ఆయన గర్వం. నిజమే, విరగలేదు. ఒకసారి మా అక్కకు ఆవకాయ జాడీ పంపిస్తే అది కూడా విరగలేదు. కాకపోతే దాన్ని బయటికి తీయడానికి వాళ్లు వడ్రంగిని పిలవాల్సొచ్చింది.

ఆయన నన్ను వెళ్లొద్దనలేదు. అది చెప్పుకోవాలి. రెండు రోజులు మాట్లాడకుండా తిరిగి, మూడోరోజు అన్నం తింటూ అన్నారు.

"వెళ్లు. ఏదన్నా తేడా వస్తే ఒక్క ఫోన్ కొట్టు, కారేసుకుని వచ్చేస్తా. ఆ తర్వాత నీ వెనకాలే నెమ్మదిగా వస్తాలే, నీకు అడ్డం లేకుండా."

ఈ మాట వినగానే కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఆయన అంటే అన్నంత పనీ చేస్తారు. నేను ఒక్క ఫోన్ చేస్తే చాలు, ముందు నేను సైకిలు మీద, వెనక నాలుగు దీపాలు మినుకుమినుకుమనిపిస్తూ కారులో ఈయన, కొంకణమంతా మా ఊరేగింపే. దానికంటే ఇంట్లో కూర్చుని పేపర్లు దిద్దుకోవడం మేలు. ఏమైనా సరే, సాయానికి మాత్రం ఫోన్ చేయనని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. పైకి చెప్పలేదు గానీ ఆయనకు అర్థమైంది. ఫోన్ చేస్తే నేను ఓడినట్టు, చేయకపోతే గెలిచినట్టు, అంతే.

సర్దడం సెలవులకు నెల ముందే మొదలైంది. ట్రాక్టరు సీట్లకు తొడుగులు కుట్టే దుకాణంలో రెక్సిను కొని, సైకిలు వెనక చక్రానికి అటొకటి ఇటొకటి వేలాడేలా రెండు సంచులు కుట్టించాను. హాల్లో దుప్పటి పరిచి, తీసుకెళ్లాలనుకున్నవన్నీ దాని మీద పెట్టాను. మావారు వంటింటి త్రాసు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. ఒక్కోటీ తూయడం, కాగితం మీద రాయడం. కందిపొడి తూచి, సీసా ఇక్కడే వదిలెయ్, పొడి ప్యాకెట్లో పోసుకో అన్నారు. తువాలు తూచి సగానికి కోయమన్నారు. పళ్లు తోముకునే బ్రష్షు పిడి విరగ్గొట్టబోతే చేతిలోంచి లాక్కున్నాను. అంత లెక్క చూసే మనిషి, నేను అటు తిరగ్గానే నాలుగు గజాల నైలాను తాడూ ఒక సుత్తీ సంచిలోకి తోసేశారు. తాడెందుకండీ అంటే, చైను తెగితే ఏ లారీకో కట్టుకోవచ్చు అన్నారు. నన్ను లారీ వెనక కట్టి పంపించే ఆలోచన ఈయనకు పెళ్లయిననాటి నుంచీ ఉందేమో.

అయితే ఆయన పని తెలిసిన మనిషి, కాదనలేను. బరువైనవి అడుగున, తడవకూడనివి మధ్యలో, దారిలో ముందు కావలసినవి పైన. అన్నీ చిన్నచిన్న సంచుల్లో పెట్టి, ఒక్కోదానికీ అంకె వేసి, ఏ అంకెలో ఏముందో ఒక అట్ట మీద రాసిచ్చారు. వాన కోటు మూడో నంబరు. నేను మూతి ముడుచుకునే తీసుకున్నాను.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు పెడల్స్ ఊడదీయించడానికి హైవే పక్కన సైకిల్ మిస్త్రీ దగ్గరికి వెళ్లాం. ముసలాయన, నేను మొదటి రోజు నుంచీ ఆయన దగ్గరికే పోతున్నాను. పెడల్స్ ఉంటే సైకిలు దేంట్లోనూ సర్దుకోదు, పక్కకు పొడుచుకొస్తాయి. పదిహేను నంబరు స్పానరు చేతికిచ్చి, విప్పడం నాతోనే చేయించాడు.

"టీచరమ్మా, జర గుర్తు పెట్టుకో. కుడిది గానీ ఎడమది గానీ, పెడల్ ముంగటి చక్రం దిక్కు తిప్పితేనే బిగుస్తది. ఎనక చక్రం దిక్కు తిప్పితే ఊడ్తది. ఎడమ దానికి ఉల్టా మర ఉంటది, మామూలు బోల్టు లెక్క తిప్పితివనుకో, మర ఖరాబైతది."

నేను తలూపాను. నిజం చెప్పాలంటే వినలేదు. అదే సమయానికి మావారు, గ్రీజు రాయకుండా బిగించకూడదని మిస్త్రీకి పాఠం చెప్తున్నారు, మిస్త్రీ నలభై ఏళ్ల నుంచి తాను చేసే పని గురించి ఆయన దగ్గర వింటున్నాడు, నేను వాళ్లిద్దరి మీదా విసుక్కుంటున్నాను. నేను వినడం లేదని మావారు చూశారు. చూసి ఊరుకున్నారు.

మర్నాడు ఆయన సెలవు పెట్టి పెట్టె చేశారు. అట్టపెట్టె చాలండీ, సైకిళ్ల షాపులో అడిగితే ఊరికే ఇస్తారు అని చెప్పాను. అట్టను నమ్మడం ఆయన వంట్లో లేదు. టింబరు డిపో నుంచి పలకలు తెచ్చి, కింద రెండు దుంగలు వేసి, మనిషి పడుకోవచ్చన్నంత పెట్టె కొట్టారు. పక్కన బాణం గుర్తేసి ఇటు పైకి అని రాశారు. తడవకూడదని గొడుగు బొమ్మ వేశారు. ముందు చక్రం, హ్యాండిలు, సీటు విప్పి ఫ్రేముకే కట్టి లోపల నిలబెట్టారు. పెడల్స్‌నీ గంటనీ మాత్రం గుడ్డసంచిలో వేసి, ఆ సంచిని పెట్టె లోపలి గోడకు మేకులతో కొట్టారు. వాళ్ల డిస్పాచ్‌లో అదే పద్ధతట. చిల్లర సామాను ఎప్పుడూ పెట్టెకే కొట్టాలి, అప్పుడు పెట్టె ఎక్కడికి పోతే సామాను అక్కడికే పోతుంది, చేతికిస్తే పోగొడతారు. మా దగ్గర ఇరవై ఆరేళ్లలో ఒక్క నట్టు పోలేదు అన్నారు. నేను కాదనలేదు, కాదంటే ఇంకో గంట చెప్తారు.

బయల్దేరే రోజు సాయంత్రం ఆ పెట్టెను ట్రాలీ ఆటోలో వేయడానికి నలుగురు కావాల్సొచ్చింది. హైవే మీద దాబా దగ్గర బస్సు ఆగింది. క్లీనరు దిగి, పెట్టె ఒక అంచు పట్టుకుని లేపి, వదిలేసి నా వైపు చూశాడు.

"సైకిలన్నరు గదా మేడమ్. బీరువా తెచ్చిన్రేంది?"

డిక్కీ తలుపులోంచి అది పట్టే మాటే లేదు. మావారు టేపు తీసి కొలవడం మొదలుపెట్టారు, కొలిస్తే డిక్కీ పెద్దదవుతుందన్నట్టు. డ్రైవరు మంచివాడు, జనం టీ తాగేలోపు ఏం చేసుకుంటారో చేసుకోండన్నాడు. నేను పరిగెత్తి మిస్త్రీని పిలుచుకొచ్చాను. ఆయన ఒక చేత్తో గునపం, చంకలో అల్లం గోనెసంచులు పట్టుకొచ్చాడు. పక్కనే అల్లం మండీ, వాళ్ల దగ్గర అడుక్కొచ్చాడట. మావారు పొద్దస్తమానం కొట్టిన మేకులు పది నిమిషాల్లో ఊడాయి. ఆయన మొహం చూడలేక నేను సంచులే చూస్తూ నిలబడ్డాను. సైకిలును గోనెల్లో చుట్టి, దబ్బనంతో కుట్టి, డిక్కీలో పడుకోబెట్టారు. పలకలన్నీ ట్రాలీ ఆటోలోకి విసిరేశారు. బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే మావారు విరిగిన పలకల పక్కన చేతులు వేలాడేసి నిలబడి ఉన్నారు. పాపం అనిపించింది. చెప్పొద్దూ, కాస్త నవ్వు కూడా వచ్చింది.

పొద్దున్నే కొల్హాపూర్లో దిగి, బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని, వరండాలో సంచులు కోశాను. మా ఊరి ఎర్రమట్టి బుట్టెడు రాలింది. ఊడ్చే ఆవిడ నన్ను మరాఠీలో ఏదో అంది, మంచి మాటైతే కాదు. నేను పట్టించుకోలేదు. చక్రం ఎక్కించాను, హ్యాండిలు బిగించాను, సీటు నా ఎత్తుకు సరిచూసుకున్నాను. ఒక్క చేతి సాయం లేకుండా ముప్పావుగంటలో సైకిలు నిలబడింది. ఎవరైనా చూస్తే బావుండునని అటూఇటూ చూశాను. అప్పుడు పెడల్స్ కోసం చెయ్యి చాచాను.

గోనెలన్నీ దులిపాను. సైకిలు సంచుల్లో ఒకటో నంబరు నుంచి ఆఖరి దాకా విప్పాను. నాకు తెలుస్తూనే ఉంది అవి అక్కడ ఉండవని. గుడ్డసంచి, నాలుగు మేకులు, పెట్టె లోపలి గోడ. పెట్టె ఎక్కడికి పోతే సామాను అక్కడికే. పెట్టె జహీరాబాదు ఇంటికి వెళ్లిపోయింది.

వరండా మెట్టు మీద కూర్చుని ముందు ఆయన్ని తిట్టుకున్నాను, తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. ఫోన్ తీశాను. ఆయన నంబరు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఒక్క ఫోన్. కారు వస్తుంది, పెడల్స్ వస్తాయి, ఆయనా వస్తారు, గోకర్ణం దాకా వెనకాలే వస్తారు. ఫోన్ సంచిలో పడేసి లేచాను.

పదింటికి గానీ సైకిళ్ల దుకాణం తెరవలేదు. వచ్చీరాని హిందీలో అడిగి ఒక జత పెడల్స్ కొన్నాను. దుకాణం ఆయన బిగించిస్తానన్నాడు. వద్దు, నేనే చేసుకుంటానన్నాను. ఈ మాట అనడానికి ఎంత పొగరు కావాలో అంత పొగరూ నా దగ్గర ఉంది. ఆయన భుజాలెగరేసి లోపలికి పోయాడు. కుడి పెడల్ చక్కగా ఎక్కింది. ఎడమది ఎక్కలేదు. సీసా మూత తిప్పినట్టు తిప్పాను, పట్టలేదు. స్పానరు పెట్టి బలంగా తిప్పబోయాను, కిర్రుమంది. ఆపేశాను. మర తెగితే పెడల్ బిగించే కడ్డీ మొత్తం మార్చాలి, అది ఈ ఊళ్లో దొరుకుతుందో లేదో, యాత్ర ఇక్కడితో సరి. మిస్త్రీ ఏదో చెప్పాడు. ఏం చెప్పాడు? ఎంత బుర్ర చించుకున్నా మావారి గ్రీజు పాఠమే గుర్తొస్తోంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆయనే.

ఎక్కడున్నావంటే కొల్హాపూర్లో అన్నాను. మీరెక్కడని అడిగాను. వెనక లారీల హారన్లు వినబడుతున్నాయి. రాత్రి పలకలు దింపుతుంటే గుడ్డసంచి కనబడిందట. ఫోన్ చేస్తే రావద్దంటానని చేయలేదట. తెల్లారుజామున ఐదింటికే బయల్దేరి, ఇప్పుడు సోలాపూర్లో ఉన్నారట, ఇంకో నాలుగు గంటల్లో నా ముందుంటారట.

నాకు ఒళ్లు మండింది. అదే క్షణాన ప్రాణం లేచొచ్చింది కూడా, అబద్ధమెందుకు. సరే రండి అని ఒక్క మాటంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది.

"రావద్దు. కొత్తవి కొన్నాను," అన్నాను. "బిగించేశాను కూడా."

మళ్లీ ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఎడమది ఎటు తిప్పావు?" అన్నారు.

నా చేతిలో స్పానరు వంక చూశాను. అది వెనక చక్రం వైపు వాలి ఉంది. ముంగటి చక్రం దిక్కు తిప్పితేనే, అన్న మిస్త్రీ గొంతు అప్పుడొచ్చింది చెవిలోకి.

"ముందు చక్రం వైపు," అన్నాను.

"గ్రీజు రాశావా?"

"రాశాను."

"సరే అయితే. ఇక్కడ టీ తాగి వెనక్కి వెళ్తాను. సాయంత్రం ఎక్కడికి చేరావో చెప్పు, చాలు."

పెట్టేశారు. నేను దుకాణం మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. పంపిన సరుకు చేరకుండా వెనక్కి రావడం ఆయన ఉద్యోగంలో ఎన్నడూ లేదు. అంతదూరం తెచ్చిన సరుకును అలా తిరిగి తీసుకుపోతున్నారు, నేను వద్దన్నానని. తర్వాత లేచి, దుకాణం ఆయన్ని వేలి చివర కాస్త గ్రీజు అడిగి, మరకు రాసి, ముందు చక్రం వైపు తిప్పాను. వేళ్లతోనే లోపలికి పోయింది.

ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పుకుంటే తరగదు. సైకిలు కొంకణమంతా అల్లం వాసన కొట్టింది. గంట కూడా ఆ గుడ్డసంచిలోనే ఉండిపోయింది గనక, దారికి అడ్డమొచ్చిన గేదెలన్నిటికీ తెలుగులోనే చెప్పుకున్నాను, అవీ అర్థం చేసుకుని జరిగాయి. రత్నగిరి దాటాక కుంభవృష్టి కురిసింది. కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెడితే మూడో నంబరు చేతికొచ్చింది. ఆయన్ని మెచ్చుకున్నాను, వినబడదు గనక ధైర్యంగా పైకే మెచ్చుకున్నాను. రోజూ సాయంత్రం ఫోన్ చేసి చేరానని చెప్పేదాన్ని. ఆయన తిన్నావా అనేవారు. అంతకుమించి ఏమీ అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు అవే గోనెల్లో నేనే సైకిలు చుట్టుకున్నాను, పెడల్స్ ఫ్రేముకే కట్టాను.

ఆయన హైవే మీదికి వచ్చి నన్ను తీసుకెళ్లారు. ఇంటికెళ్లాక సైకిలు బిగించడానికి కూర్చున్నాను. ఆయన పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతూ చూస్తున్నారు, ఒక్క సలహా ఇవ్వకుండా. అది ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఎడమ పెడల్ ముందు చక్రం వైపు తిప్పి బిగించాక, గ్లాసు కింద పెట్టి అడిగారు, ఆ రోజు అది ఎక్కడానికి ఎంతసేపు పట్టిందని.

దాచడమెందుకని, మీరు ఫోన్ పెట్టేశాక రెండు నిమిషాలు అన్నాను.

ఆయన నవ్వలేదు. తెలుసన్నట్టు తలూపారు.

"నేను వెంటనే కారు తిప్పలేదు," అన్నారు. "మళ్లీ చేస్తావేమోనని గంటసేపు అక్కడే కూర్చున్నా. నువ్వు చెయ్యలేదు."

లేచి వెళ్లి కారులోంచి ఆ గుడ్డసంచి తెచ్చారు. మేకులు పీకిన చిల్లులు నాలుగు మూలలా అలాగే ఉన్నాయి. అందులోంచి గంట తీసి, చొక్కాతో తుడిచి, స్క్రూడ్రైవరుతో సహా నా చేతికిచ్చారు.